ఏడాది పాటు అడవులు తిరిగి ఫొటోలు తీయాలనుకునే తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాలకొండ నుంచి రాశావు. వయసు 27. ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి, దాచుకున్న నాలుగు లక్షలతో దేశంలోని అడవులు తిరిగి జంతువుల ఫొటోలు తీయాలని ఉందన్నావు. 12 నెలలకు 14 చోట్లు రాసుకుని, వరస సరిగ్గా ఉందా, ఏ లెన్సు కొనాలి అని అడిగావు.

రెండింటికీ జవాబు చెబుతాను. దానికంటే ముందు ఆ 14 పేర్లలో తొమ్మిది కొట్టేయమని అడుగుతున్నాను. నేను శ్రీకాకుళంలో ఉంటాను, ఈ పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. 2016 జూన్ నుంచి 2017 మే దాకా నేనూ సరిగ్గా నీలాగే తిరిగాను. కాజీరంగా, తడోబా, కచ్ఛ్ చిన్న రణ్, నాగాలాండ్, స్పితి, ఇంకా చాలా. దాదాపు 38 వేల ఫొటోలు తీశాను. ఈ రోజు నలుగురికి చూపించాలనిపించేవి వాటిలో నలభై కూడా ఉండవు. ఆ నలభైలో ఎక్కువ భాగం మా జిల్లాలోని తేలుకుంచి, తేలినీలాపురం, బారువ తీరంలో తీసినవే. దూరం వెళ్లిన చోట్ల నాకు మూడేసి రోజులే దక్కాయి. మొదటి రోజు వెలుగు ఎటు నుంచి వస్తుందో తెలియదు, రెండో రోజు తెలుస్తుంది, మూడో రోజు సాయంత్రం రైలెక్కాలి. ఇంటి దగ్గర చోట్లకు మాత్రం ఆ ఏడాదిలో ఏడెనిమిది సార్లు వెళ్లగలిగాను. పక్షి ఏ కొమ్మ మీద వాలుతుందో, వాలే ముందు ఎటు తిరుగుతుందో తెలిసేంత వరకు చూశాను.

కాబట్టి నీ ఏడాదిని జనవరి నుంచి మొదలుపెట్టకు. తొలకరితో మొదలుపెట్టు.

మధ్య భారతంలోని పులుల పార్కుల్లో కోర్ ప్రాంతాలు, అంటే అడవి లోపలి భాగాలు, జూలై నుంచి సెప్టెంబర్ దాకా మూసేస్తారు. కాజీరంగా కూడా వానాకాలం మూసే ఉంటుంది. నీ లిస్టులో ఆగస్టుకి కాన్హా రాశావు, అది కుదరదు. అదే సమయంలో ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో ఊరి మధ్య చెట్ల మీద నత్తగుల్ల కొంగలు గూళ్లు కడుతుంటాయి. ఈ కొంగ ముక్కు మూసినా మధ్యలో చిన్న సందు మిగిలే ఉంటుంది. నత్తలను పట్టుకోవడానికి పనికొచ్చే ముక్కు అది. వానలు పడి, పొలాల్లో నీళ్లు నిలిచి, ఉభాలు (వరి నాట్లు) మొదలయ్యాక నత్తలు పెరుగుతాయి. పిల్లలకు తిండి దొరికే కాలం చూసుకునే ఇవి గూడు కడతాయి. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది. జూలై నుంచి నవంబర్ దాకా నెలకోసారి వెళ్లి ఒకే గూటి పిల్లల ముక్కులు ఎలా మారుతున్నాయో తీస్తే, ఏ పార్కులోనూ దొరకని ఫొటోల వరస నీ చేతిలో ఉంటుంది. నేను ఆ వరస మొదలుపెట్టి మధ్యలో నాగాలాండ్ వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి పిల్లలు ఎగిరిపోయాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఒక్క మాట. ఫొటో కింద 'సైబీరియా నుంచి వచ్చిన అతిథులు' అని రాయకు. మా జిల్లాలో ఈ మాట ఎంతగా పాతుకుపోయిందంటే పిల్లలకు బడిలో కూడా అలాగే చెబుతున్నారు. నత్తగుల్ల కొంగలు గానీ, తేలినీలాపురం వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గానీ సైబీరియా పక్షులు కావు. ఇవి మన దక్షిణాసియావే. నీళ్లను, తిండిని బట్టి ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరుగుతాయి. ఇది చిన్న విషయం అనుకోవద్దు. ఎక్కడి నుంచో వచ్చిన అతిథి అనుకుంటే అది వెళ్లిపోయాక మన బాధ్యత తీరిపోయిందనిపిస్తుంది. ఇది మన పక్షి, మన తంపర భూముల్లో (నీళ్లు నిలిచే పల్లపు నేలల్లో), మన చెరువుల్లో చేపలో నత్తలో తిని బతికేది అని తెలిస్తేనే ఆ నీళ్ల గురించి ఆలోచిస్తాం. ఫొటో తీసేవాడు రాసే రెండు ముక్కలు పదిమంది చదువుతారు, అందుకే ఇంత చెబుతున్నాను.

తేలినీలాపురం టెక్కలి దగ్గర. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబర్, అక్టోబర్‌లో వచ్చి మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. ఊళ్లో చెట్ల మీదే గూళ్లు. కింద గేదెలు కట్టేసి ఉంటాయి, పక్కన పిల్లలు ఆడుకుంటుంటారు, పైన గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి చేప తింటుంటుంది. నా మాట విని మొదటి రెండు రోజులు కెమెరా సంచిలోంచి తీయకు. ఏ వీధిలో ఎన్ని గూళ్లున్నాయో, పెద్ద పక్షులు నౌపడ ఉప్పు మడుల వైపు నుంచి ఎన్ని గంటలకు తిరిగొస్తాయో పుస్తకంలో రాసుకో. ఉదయం తొమ్మిది దాటాక గాలి వేడెక్కి పక్షులు సుడులు తిరుగుతూ పైకి లేస్తాయి, అప్పుడు తీసినవి చాలావరకు మసకగా వస్తాయి. మంచి గంట సూర్యోదయం తర్వాత మొదటిదే. సాయంత్రం ఎదురు వెలుగులో రెక్కలు విప్పి దిగే గూడబాతుని తీయాలంటే నువ్వు చెట్టుకి తూర్పున ఉండాలి. అది తెలుసుకోవడానికి నాకు మూడు సీజన్లు పట్టింది.

గూటి దగ్గరికి నిచ్చెనలు, మేడల మీదికి ఎక్కి వెళ్లడాలు వద్దు. పెద్ద పక్షి బెదిరి లేచిందంటే గుడ్ల మీదికి కాకులు వస్తాయి, రోజుల పిల్ల ఎండలో ఎంతోసేపు తట్టుకోలేదు. డ్రోన్ అయితే అసలు తేవద్దు. గూడు ఉన్న చెట్టు కొమ్మను ఫొటోకి అడ్డమని విరిచినవాళ్లను చూశాను. ఆ రోజు ఊళ్లో ఆడవాళ్లే వాళ్లను తరిమారు, మంచి పని చేశారు. అక్కడివాళ్లు ఈ పక్షులను పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు.

2022 మొదట్లో ఇక్కడ గూడబాతులు వరసగా చచ్చిపోయాయి. చేపల ద్వారా కడుపులోకి చేరిన పురుగుల వల్ల అని పరీక్షల్లో తేలింది. ఆ రోజుల్లో నేను అందమైన ఫొటో ఒక్కటీ తీయలేదు. కింద పడి ఉన్న పక్షులను, వాటిని ఎత్తుతున్న మనుషులను తీశాను. నీ ఏడాదిలో అలాంటి రోజు వస్తే కెమెరా దించకు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. తుఫానుకి ముందు ఏ తోట ఎలా ఉండేదో తీసిపెట్టినవాళ్లు మాలో ఇద్దరు ముగ్గురే. పక్షి లేని చెట్టుని, మామూలు రోజు చెరువుని కూడా తీసి తేదీ రాసి పెట్టుకో.

అక్టోబర్ చివర్లో మొదటి దూర ప్రయాణం పెట్టుకో. నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయానికి. సైబీరియా, ఉత్తర చైనా వైపు నుంచి అముర్ డేగలు దక్షిణ ఆఫ్రికాకి పోతూ అక్కడ కొన్ని వారాలు ఆగుతాయి. పిడికెడంత డేగలు, తర్వాత అరేబియా సముద్రాన్ని ఆగకుండా దాటేస్తాయి. 2012లో అక్కడ వలలు వేసి వేల సంఖ్యలో చంపిన వీడియోలు బయటికొచ్చాయి. మరుసటి ఏడాదికే ఆ ఊళ్లవాళ్లు వేట మానేసి కాపలాదారులయ్యారు. రైల్లో దిమాపూర్ వెళ్లి, అక్కడి నుంచి రోడ్డు మీద వోఖా వైపు పోవాలి. కనీసం వారం ఉండు.

డిసెంబర్, జనవరి చిలికాకి ఇవ్వు. ఇచ్ఛాపురంలో రైలెక్కితే బాలుగావ్‌కి పెద్ద దూరం కాదు, దానికి కూడా నీ లిస్టులో చోటు లేకపోవడం చూసి ఆశ్చర్యపోయాను. మంగళాజోడిలో ఒకప్పుడు పక్షులను వేటాడినవాళ్లే ఇప్పుడు పడవ నడుపుతూ వాటిని చూపిస్తారు. నీళ్ల మట్టానికి కెమెరా దించి తీయడం అక్కడ నేర్చుకోవచ్చు. హిమాలయాల మీదుగా ఎగిరొచ్చే పట్టెతల బాతులు చిలికాలో కనిపిస్తాయి. తిరుగు ప్రయాణంలో గంజాం జిల్లా భేట్నాయి పొలాల్లో ఒక రోజు ఆగు. కృష్ణజింకలు అడవిలో కాదు, రైతుల చేలల్లో మనుషుల మధ్య తిరుగుతాయి. అవి తిరిగితే వానలు బాగా పడతాయని అక్కడివాళ్ల నమ్మకం, అందుకే చేను మేసినా కొట్టరు.

ఫిబ్రవరి, మార్చి మాత్రం ఎక్కడికీ వెళ్లకు. మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడిశాలోని రుషికుల్య దగ్గరైతే కొన్నేళ్లు లక్షల్లో ఒకేసారి ఒడ్డెక్కుతాయి, కొన్నేళ్లు అలా రానే రావు, దాన్ని నమ్ముకుని టికెట్ కొనలేం. బారువ, భావనపాడు, కళింగపట్నం, అటు విజయనగరం జిల్లా చింతపల్లి వైపు ఒక్కొక్కటిగా వస్తుంటాయి. రాత్రంతా ఇసుకలో నడవాలి. ఒక్క తాబేలు సుమారు వంద గుడ్లు పెడుతుంది. గుడ్లను అటవీశాఖవాళ్లు, ఊళ్లో వాలంటీర్లు తీసుకెళ్లి కంచె వేసిన ఇసుకలో పాతిపెడతారు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిగా ఉంటే ఆడ పిల్లలు, చల్లగా ఉంటే మగ పిల్లలు పుడతాయి. మగ తాబేలు ఒకసారి సముద్రంలోకి వెళ్లాక మళ్లీ ఒడ్డెక్కదు.

ఇక్కడ ఫ్లాష్ వాడకూడదు, టార్చి కూడా. సముద్రం వైపు ఉండే వెలుగుని చూసి దారి పట్టే పిల్లలు టార్చి వైపు తిరిగిపోతాయి. తల్లి ఒడ్డెక్కుతుండగా వెలుగు పడితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకుని, తెల్లవారే ముందు పిల్లలను వదిలే సమయానికి వెళ్లు. ఆ మసక వెలుగు చాలు. ఐఎస్ఓ (తక్కువ వెలుగులో తీయడానికి కెమెరాలో పెంచుకునే అంకె) 3200, 6400 దాకా పెంచు, ఫొటోలో గరుకు వస్తే రానీ. నా దగ్గరున్న అన్నింటిలో నాకు ఇష్టమైన ఫొటో అలాంటిదే. 2017 మార్చిలో బారువలో తీశాను. తడి ఇసుక మీద అంగుళంన్నర తాబేలు పిల్ల, దాని ముందు అప్పుడే విరిగిన అల నురుగు. ఆ ఒక్క ఫొటో కోసం తొమ్మిది తెల్లవారుజాములు ఇసుకలో బోర్లా పడుకున్నాను.

అదే తీరంలో చచ్చి కొట్టుకొచ్చిన తాబేళ్లు కూడా కనిపిస్తాయి. మరబోట్ల వలల్లో చిక్కితే ఊపిరి తీసుకోవడానికి పైకి రాలేక చచ్చిపోతాయి. వాటినీ తీయి. కానీ తీసి, పక్కనున్న తెప్పల మత్స్యకారులను తిడుతూ రాయకు. చిన్న తెప్పవాళ్లలో చాలామంది వల కోసుకుని మరీ తాబేలుని వదిలేస్తారు. వల కోసుకోవడమంటే వాళ్లకు ఎంత నష్టమో కూర్చుని అడిగి తెలుసుకో.

ఏప్రిల్, మే కావాలంటే పులికి ఇచ్చుకో. ఎండలకు నీటి గుంటల దగ్గర పులి కనిపించే అవకాశం ఎక్కువ. తడోబా గానీ కాన్హా గానీ ఒక్కటే ఎంచుకుని, ఆరేడు సఫారీలు వరసగా చేయి. నెలల ముందే బుక్ చేసుకోవాలి. జిప్సీలో ఆరుగురు ఉంటే ఖర్చు తగ్గుతుంది గానీ ఫొటో తీసే జాగా ఉండదు, ముగ్గురు నలుగురు సర్దుకోండి. ఇంతకంటే పులి గురించి చెప్పేది లేదు, ఇంటర్నెట్ నిండా ఉంది. స్పితిలో మంచు చిరుత గురించి అడిగావు. నా సలహా ఈ ఏడాదికి మానుకో. కిబ్బర్ 4,200 మీటర్ల పైన ఉంటుంది, సముద్రం పక్కన పుట్టినవాళ్లం మనం. ఫిబ్రవరి చలిలో బ్యాటరీ గంటకే పడిపోతుంది. పైగా అది సరిగ్గా మన తాబేళ్ల సీజన్.

ఇక నిన్ను గట్టిగా హెచ్చరించాల్సిన రెండు విషయాలు. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఎలుగుబంట్లు ఉన్నాయి కదా, సులువుగా దొరుకుతాయి కదా అని రాశావు. దొరుకుతాయి. జీడిమామిడి పండ్లు, పనస పండే రోజుల్లో తోటల్లోకే వస్తాయి. అయితే ఎలుగు చెదల పుట్టలో మూతి పెట్టిందంటే నువ్వు దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు, తెలిసిన క్షణంలో పారిపోకుండా మీద పడుతుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక రైతు చనిపోయాడు, ఇంకా కొందరు బాగా గాయపడ్డారు. పట్టుకున్న ఎలుగు కూడా బతకలేదు. తెల్లవారుజామున, చీకటి పడ్డాక తోటల్లో కాలినడకన తిరగకు. రోడ్డు మీద బండి ఆపుకుని, దూరం నుంచి తీసినదే చాలు.

ఏనుగులు ఇంకా కష్టం. 2018 నుంచి అప్పటి విజయనగరం జిల్లా, ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలోని కొమరాడ, జియ్యమ్మవలస, కురుపాం వైపు ఒడిశా నుంచి వచ్చిన గుంపు తిరుగుతోంది. పంటలు పోయాయి, మనుషులు పోయారు. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేసారి చనిపోయాయి. ఏనుగు వచ్చిందనగానే వందమంది సెల్‌ఫోన్లు పట్టుకుని పరిగెడతారు, కేకలు, టపాసులు. ఆ గుంపులో నువ్వు ఉండకూడదు. ఏనుగు ఎటు పోవాలో దారి మూసేసేది ఆ గుంపే. ఏనుగుల జాడ కనిపెట్టే ట్రాకర్లతో మాట్లాడి, వాళ్లు వద్దన్న రోజు ఇంట్లో కూర్చో. నువ్వు వాళ్లకు అడ్డం కాదని నమ్మకం కుదిరితే వాళ్లే పిలుస్తారు. నన్ను పిలవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

సీతంపేట ఏజెన్సీలో ఓ సవర పెద్దాయన నాకు గిరినాగు (కింగ్ కోబ్రా) గూడు చూపించాడు. ఆకులు పోగుచేసి గూడు కట్టి గుడ్లు పెట్టే పాము ఇదొక్కటే. తల్లి కాపలా ఉంది. నేను కెమెరా తీయబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. వెనక్కి వచ్చేశాం, తర్వాత ఇంట్లో చోడి అంబలి పోశారు. ఆ ఫొటో నా దగ్గర లేదు, లేకపోవడమే సరైంది. గుడ్లగూబలు, అలుగు (పాంగోలిన్), గిరినాగు కనిపించిన చోటు పేరు ఎక్కడా పెట్టకు, ఫోన్లో లొకేషన్ ఆపేసి తీయి. అమ్ముకునేవాళ్లు ఆ ఫొటోలు చూసే వస్తారు.

లెన్సు సంగతి. సెకండ్ హ్యాండ్‌లో 150-600 ఎంఎం జూమ్, దానికి క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) ఉన్న కెమెరా బాడీ చాలు. డబ్బులో మూడో వంతు మించి సామాను మీద పెట్టకు, మిగతాది ఎక్కువ రోజులు ఉండడానికి వాడు. ట్రైపాడ్ మోయడం కంటే ఖాళీ గుడ్డ సంచి కుట్టించుకో, వెళ్లిన ఊళ్లో బియ్యమో సెనగలో పోసుకుంటే జీపు అంచు మీదో గట్టు మీదో లెన్సు కదలకుండా కూర్చుంటుంది. ఎగిరే కొంగకి షట్టర్ 1/2000 సెకను పెట్టుకో. తెల్ల పక్షి వెనక ముదురు ఆకులుంటే కెమెరా చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది, రెక్కలు సున్నం కొట్టినట్టు పాలిపోతాయి. ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 నుంచి 1 దాకా తగ్గించి తీయి.

మన ఉప్పు గాలి, వానల తేమ లెన్సుకి శత్రువులు. ఒక వానాకాలం సంచిలోనే వదిలేసినందుకు నా మంచి లెన్సు లోపల బూజు పట్టింది, దాన్ని బాగుచేయడానికి నెల జీతం పోయింది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు. ఏసీ గదిలోంచి తిన్నగా బయటికి తీస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది, అరగంట ముందే సంచి బయట పెట్టు. ఏ రోజు ఫొటోలు ఆ రోజే రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించు, రెండూ ఒకే సంచిలో పెట్టకు.

ఏజెన్సీకి వెళ్తే దోమతెర తప్పనిసరి. పాము కాటు పడితే కట్లు, మంత్రాలు ఏమీ వద్దు, తిన్నగా ఆసుపత్రికి. ఎటు వెళ్తున్నావో, ఏ రోజు తిరిగొస్తావో అమ్మకి కాగితం మీద రాసిచ్చి వెళ్లు. సిగ్నల్ లేని చోట్ల వాళ్ల టెన్షన్ అదొక్కటే తగ్గిస్తుంది.

తేలుకుంచి వెళ్లినప్పుడు గూడున్న చెట్టు ఎవరిదో వాళ్ల పేరు అడుగు, వాళ్ల పిల్లలను కూడా ఆ చెట్టు కింద నిలబెట్టి ఒక ఫొటో తీయి. మళ్లీ వెళ్లేటప్పుడు ప్రింటు వేయించి ఇవ్వు. పొలంలోకి దిగనిచ్చేది, అరుగు మీద చోటిచ్చేది, పక్షులు వచ్చాయని ఫోన్ చేసి చెప్పేది వాళ్లే. వానలు మొదలై ఉభాలు పడగానే ఇచ్ఛాపురంలో రైలు దిగు. ఒక రోజు ముందు చెప్పు, నేనూ వస్తాను. ఉదయం ఐదున్నరకి ఊరి చెరువు గట్టు మీద ఉంటాను.